బొమ్మేది, అక్షరమేది: లేయర్ల ఫైళ్ల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి బాధ ఒకటే. ఫోటోషాప్‌లో ముచ్చటగా ఉన్న డిజైన్, యాప్ స్క్రీన్లు తయారుచేసే ఫిగ్మా లాంటి ఇంటర్‌ఫేస్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లేసరికి (దీన్నే ఇంపోర్ట్ అంటాం) చెల్లాచెదురైపోతోంది. అందుకే ఈ సంచిక మొత్తం దీనికే కేటాయించాను. కొన్నిటికి జవాబు పెద్దదైంది, కొన్నిటికి నాలుగు మాటలు సరిపోయాయి.

ప్రశ్న: నాకు ఒక యాప్ డిజైన్‌ని పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైల్‌గా ఇచ్చారు. ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు, అంటే లేయర్లు, రెండొందలకు పైగా ఉన్నాయి. ప్రివ్యూలో బాగుంది, ఫోటోషాప్‌లో తెరిచినా బాగుంది. ఇంపోర్ట్ చేయగానే మాత్రం ఒకచోట నల్లటి డబ్బా, ఇంకోచోట తెల్లటి డబ్బా, రంగులు వేరే, రెండు బటన్లయితే అసలు కనిపించడమే లేదు. తప్పు ఫైల్‌దా, సాఫ్ట్‌వేర్‌దా?

జవాబు: రెండిటిదీ కాదండీ. మధ్యలో జరగాల్సిన పని ఒకటి జరగలేదు, అంతే. పీఎస్‌డీ ఫైల్ లోపల రెండు రకాల సమాచారం ఉంటుంది. లేయర్లు విడివిడిగా ఉంటాయి, అవన్నీ కలిస్తే ఎలా కనిపిస్తాయో చూపే ఒకే ఒక్క బొమ్మ కూడా ఉంటుంది. సేవ్ చేసేటప్పుడు "మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ" అని అడుగుతుంది కదా, అది ఈ రెండో బొమ్మ గురించే. మీరు ప్రివ్యూలో చూసింది దాన్నే. ఇంపోర్ట్ చేసే సాఫ్ట్‌వేర్ మాత్రం లేయర్లని ఒక్కొక్కటిగా చదివి, తనకు తెలిసిన పద్ధతిలో మళ్లీ పేర్చుకుంటుంది. అర్థం కానిది ఎదురైతే వదిలేస్తుంది, పైగా చాలాసార్లు ఆ సంగతి మనకు చెప్పదు కూడా.

ముందు ఆ నల్ల డబ్బా సంగతి చూద్దాం. మెరుపులు, వెలుగు మరకలు లాంటివి సాధారణంగా నల్లటి నేపథ్యం మీద ఉన్న ఫోటోలు. లేయర్ తన కింద ఉన్నవాటితో ఎలా కలవాలో చెప్పే సెట్టింగ్‌ని బ్లెండ్ మోడ్ అంటారు. వాటిని "స్క్రీన్" అనే బ్లెండ్ మోడ్‌లో పెడితే నలుపు మాయమై వెలుగు మాత్రమే మిగులుతుంది. ఇంపోర్ట్‌లో ఆ మోడ్ పోయిందంటే నలుపు అలాగే వచ్చి కూర్చుంటుంది. తెల్ల డబ్బాకి కారణం దీనికి సరిగ్గా తలకిందులు. స్కాన్ చేసిన కాగితం గరుకుదనమో, పెన్సిల్ గీతో "మల్టిప్లై"లో ఉంటే తెలుపు కనిపించదు, మోడ్ పోగానే తెలుపంతా బయటపడుతుంది. వెబ్ ప్రమాణాల్లో బ్లెండ్ మోడ్లు 16 ఉన్నాయి, మల్టిప్లై, స్క్రీన్ రెండూ అందులో ఉన్నాయి కాబట్టి మంచి ఇంపోర్టర్ అయితే వీటిని నిలబెడుతుంది. కానీ ఫోటోషాప్‌లో ఇంకా ఎక్కువ ఉన్నాయి. డిజాల్వ్, వివిడ్ లైట్, హార్డ్ మిక్స్ లాంటివి ఆ 16లో లేవు, వాటిని దాటించే దారి దాదాపు లేదనే అనుకోండి.

రంగులు మారడానికి ఎక్కువగా కారణం అడ్జస్ట్‌మెంట్ లేయర్లు. కర్వ్స్, హ్యూ శాచురేషన్ లాంటి వాటిలో ఒక్క పిక్సెల్ కూడా ఉండదు, తమ కింద ఉన్నవాటన్నిటినీ ఎలా చూపించాలో చెప్పే సూచన మాత్రమే ఉంటుంది. ఇంపోర్టర్ దాన్ని పట్టించుకోకపోతే కింద ఉన్న అసలు రంగులే వస్తాయి. ఇక కనిపించని బటన్ల విషయం: ఆ లేయర్‌లో "ఒపాసిటీ" కాకుండా దాని కిందనున్న "ఫిల్" ఎంత ఉందో ఒకసారి చూడండి. ఫిల్ 0 శాతం పెట్టి, అంచు గీతనీ నీడనీ లేయర్ ఎఫెక్ట్స్‌తో వేయడం చాలామందికి అలవాటు. ఫోటోషాప్‌లో ఫిల్ తగ్గించినా ఎఫెక్ట్స్‌కి ఏమీ కాదు. వేరే సాఫ్ట్‌వేర్ ఆ తేడా తెలియక మొత్తం లేయర్‌నే 0 చేసేస్తుంది.

ఇక ఏం చేయాలో చెప్తాను. మొదటి పని, ఫైల్‌కి కాపీ తీసుకుని ఆ కాపీ మీదే పనిచేయండి, అసలు ఫైల్‌ని ముట్టుకోవద్దు. రెండోది, ఏదీ మార్చకముందే మొత్తం డిజైన్‌ని ఒక పీఎన్‌జీ బొమ్మగా తీసి పక్కన పెట్టుకోండి, చివర్లో దాంతో చాలా పనుంది. ఆ తర్వాతే అసలు పని. ప్రతి లేయర్ దగ్గరా ఆగి ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది రేపు మారేదా, మారనిదా? బటన్ మీద మాట మారుతుంది, పెట్టె వెడల్పు మారుతుంది, రంగు మారుతుంది, కాబట్టి అవి అక్షరంగా, ఆకారంగా, బతికున్నట్టే వెళ్లాలి. నేపథ్యంలో పన్నెండు లేయర్లు కలిసి ఏర్పడిన సాయంత్రపు ఆకాశం మారదు, ఎవరూ దాన్ని విడదీసి దిద్దరు, దాన్ని ఒకే బొమ్మగా కలిపేయండి. నేను చూసిన పాడైపోయిన ఇంపోర్ట్‌లలో ఎక్కువ భాగం ఈ ఒక్క నిర్ణయం ఎవరూ తీసుకోకపోవడం వల్లే పాడయ్యాయి. అన్నిటినీ బతికించాలని చూస్తే ఆకాశం చెదురుతుంది, అన్నిటినీ కలిపేస్తే బటన్ మీద ఒక్క అక్షరం కూడా దిద్దుకోలేరు.

కలిపే ముందు చిన్న పరీక్ష ఉంది, చాలామందికి తెలియదు. ఫోటోషాప్‌లో గ్రూపులు మామూలుగా "పాస్ త్రూ" మోడ్‌లో ఉంటాయి. అంటే గ్రూపులోని అడ్జస్ట్‌మెంట్‌లూ బ్లెండ్ మోడ్లూ గ్రూపు దాటి కింద ఉన్నవాటి మీద కూడా పనిచేస్తాయి. మీరు కలపాలనుకున్న గ్రూపుని "నార్మల్"కి మార్చి చూడండి. బొమ్మలో ఏ మార్పూ రాకపోతే ఆ గ్రూపు దాని మటుకు అదే పూర్తిగా ఉన్నట్టు, నిశ్చింతగా కలిపేయొచ్చు. మార్పు కనిపిస్తే అది బయటివాటి మీద ఆధారపడి ఉంది. అప్పుడు దేనిమీద ఆధారపడిందో ఆ లేయర్‌ని కూడా గ్రూపులోకి లాగాలి, లేదా ఆ అడ్జస్ట్‌మెంట్‌ని ఒక్క లేయర్‌కే క్లిప్ చేసి రెండిటినీ కలపాలి.

అడ్జస్ట్‌మెంట్ లేయర్ అన్నిటికంటే పైన ఉండి అక్షరాల రంగుని కూడా మారుస్తోందనుకోండి, కలిపితే అక్షరాలు బొమ్మ అయిపోతాయి. అలాంటప్పుడు ఐడ్రాపర్‌ని "ఆల్ లేయర్స్"లో పెట్టి తెర మీద నిజంగా కనిపిస్తున్న రంగుని తీసుకుని, ఆ రంగునే నేరుగా అక్షరానికి వేసి, తర్వాత అడ్జస్ట్‌మెంట్‌ని తీసేయండి. కొంచెం ఓపిక కావాలి, కానీ ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నాకు కనిపించలేదు.

అంతా అయ్యాక ఇంపోర్ట్ చేసి, ఇందాక దాచిన పీఎన్‌జీని తెచ్చి దాని మీద సరిగ్గా అతికేట్టు పెట్టి, బ్లెండ్ మోడ్‌ని "డిఫరెన్స్" చేయండి. రెండూ ఒకటే అయిన చోట నల్లగా కనిపిస్తుంది, తేడా ఉన్నచోట వెలుగు కనిపిస్తుంది. అక్షరాల అంచుల్లో సన్నటి గీతలు కనిపిస్తే పట్టించుకోకండి, ఒక్కో సాఫ్ట్‌వేర్ అక్షరాల అంచుల్ని ఒక్కోలా నునుపు చేస్తుంది. పెద్ద మచ్చలు కనిపిస్తే అక్కడికే వెళ్లి చూడండి. రెండొందల లేయర్లని కంటితో వెతకడం కంటే ఇది వంద రెట్లు నయం.

ప్రశ్న: డిజైనర్ 12 పాయింట్ల అక్షరం అంటున్నారు, ఇంపోర్ట్ చేస్తే 50 అని వస్తోంది. ఇంకోచోట 17.43 అని వచ్చింది. ఏ సంఖ్యని నమ్మాలి?

జవాబు: 50 నిజం, 12 కూడా నిజమే! ఆ ఫైల్ రిజల్యూషన్ చూడండి, 300 ఉంటుంది. పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు. ఫైల్‌లో అంగుళానికి 300 పిక్సెళ్లుంటే 12ని 300తో గుణించి 72తో భాగించాలి, సరిగ్గా 50 పిక్సెళ్లు. ముద్రణ పని చేసేవాళ్లకు 300 అలవాటు, అదే అలవాటుతో యాప్ డిజైన్ కూడా మొదలుపెడతారు. తెర మీద కనిపించేవాటికి అంగుళాలతో పనిలేదు, పిక్సెళ్ల లెక్కే లెక్క. "ఇమేజ్ సైజ్" తెరిచి, "రీశాంపిల్" టిక్ తీసేసి, రిజల్యూషన్ 72 పెట్టండి. ఒక్క పిక్సెల్ కూడా మారదు, కానీ పాయింట్, పిక్సెల్ రెండూ ఒకటే అయిపోయి సంఖ్యలు అర్థమయ్యేలా కనిపిస్తాయి. ఆ టిక్ తీయడం మాత్రం మరిచిపోవద్దు, ఉంచితే డిజైన్ మొత్తం కుంచించుకుపోతుంది.

17.43 లాంటివి అక్షరాన్ని మూలలు పట్టుకుని లాగి పెద్దది చేసినప్పుడు వస్తాయి. ఇంపోర్ట్‌కి ముందే వాటిని పూర్తి సంఖ్యకి దిద్దండి. ఎందుకంటే తర్వాత కోడ్ రాసేవాళ్లు 17.43ని అలాగే రాసేస్తారు, మరో స్క్రీన్‌లో అదే శీర్షిక 17.1 ఉంటుంది, ఆరు నెలల తర్వాత ఒక్క యాప్‌లో పద్నాలుగు రకాల శీర్షికలు తేలతాయి.

డిజైన్ ఎన్ని రెట్లలో గీశారో కూడా అడిగి తెలుసుకోండి. 1080 పిక్సెళ్ల వెడల్పులో గీసి ఉంటే, ఇంటర్‌ఫేస్ సాఫ్ట్‌వేర్‌లో స్క్రీన్‌కి గీసే 360 వెడల్పు పెట్టెతో, అంటే ఫ్రేమ్‌తో పోల్చినప్పుడు అది మూడు రెట్లు, అందులోని 48 అక్షరం ఇక్కడ 16 అవుతుంది. అక్షరాల మధ్య ఎడానికి ఫోటోషాప్ కొలత వేరు, అక్కడ ట్రాకింగ్ 50 అంటే అక్షరం సైజులో వెయ్యింట 50 వంతులు, అంటే 5 శాతం. ఇంకో సంగతి, ఫోటోషాప్‌లో లీడింగ్ (వరుసల మధ్య ఎడం) "ఆటో"లో ఉంటే మామూలుగా అక్షరం సైజుకి 120 శాతం తీసుకుంటుంది. అక్కడ ఆ కొలత ఒక వరుస అడుగు నుంచి తర్వాతి వరుస అడుగు దాకా. వెబ్ పద్ధతిలో మాత్రం ఆ ఖాళీని అక్షరానికి పైనా కిందా సగం సగం పంచుతారు. అందుకే సంఖ్యలన్నీ సరిగ్గా ఉన్నా వాక్యం నాలుగైదు పిక్సెళ్లు పైకో కిందికో జరిగినట్టుంటుంది. ఆ కాస్త చేత్తో సరిచేసుకోవాల్సిందే.

పేరాగ్రాఫ్ లాంటి పొడుగు అక్షరాల విషయం కూడా చెప్పాలి. టైప్ టూల్‌తో ఒక్కసారి క్లిక్ చేసి రాసినదానికి వెడల్పు హద్దంటూ ఉండదు, వరుస విరగాలని మధ్యలో ఎంటర్ కొట్టి ఉంటారు. పెట్టె గీసి అందులో రాస్తే వరుసలు వాటంతట అవే విరుగుతాయి. మొదటి రకం పేరాలు ఇంపోర్ట్ అయ్యాక ఫ్రేమ్ వెడల్పు మారిస్తే కదలవు. వాటిని ముందుగానే పెట్టెలోకి మార్చండి, "కన్వర్ట్ టు పేరాగ్రాఫ్ టెక్స్ట్" అని ఒక్క క్లిక్‌లో అవుతుంది, మధ్యలో కొట్టిన ఎంటర్లు మాత్రం మీరే తీసేయాలి.

ప్రశ్న: తెలుగు అక్షరాలున్న ఫైల్ ఇంపోర్ట్ చేస్తే ఒకదాంట్లో పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వచ్చాయి, ఇంకోదాంట్లో ఒత్తులు విడిపోయాయి. రెండూ ఒకే సమస్యేనా?

జవాబు: కాదు, రెండూ వేర్వేరు. మొదటిది పాత పద్ధతి ఫాంట్, ప్రతి లిపి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి కాదు. ఆ ఫైల్ లోపల నిజంగా ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే, ఫాంట్ వాటి స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలు చూపిస్తోందంతే. ఫాంట్ మారగానే లోపల ఉన్నది బయటపడింది. అదే ఫాంట్ తెచ్చిపెట్టుకుంటే కనిపించడం కనిపిస్తుంది గానీ, యాప్‌లోకి వెళ్లాక వెతకడానికీ కాపీ చేయడానికీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కీ అది పనికిరాదు. యూనికోడ్‌లోకి మార్చేసి, మార్చినదాన్ని ప్రతి వరుసా కళ్లతో చదివి సరిచూసుకోండి, కన్వర్టర్లు తప్పులు చేస్తాయి.

రెండోదాంట్లో అక్షరాలు యూనికోడే, వాటిని కూర్చే ఇంజిన్‌కి మన లిపి రాదు. మీ ఫోటోషాప్ వెర్షన్‌లో ఉంటే టైప్ సెట్టింగుల్లో "వరల్డ్ రెడీ లేఅవుట్" ఎంచుకోవాలి, పాత వెర్షన్లలో దీన్నే "మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్" అనేవారు. ముందే టైప్ చేసి ఉన్న పేరాలకి పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో విడిగా మార్చాలి. ఇంపోర్ట్ అయ్యాక "స్త్రీ", "రాష్ట్రం", "జ్ఞానం" అనే మూడు మాటలు రాసి చూడండి, ఈ మూడూ సరిగ్గా వస్తే చాలావరకు మిగతావీ వస్తాయి. ట్రాకింగ్ మాత్రం తెలుగుకి 0 ఉంచండి. పైన గుడులూ కింద ఒత్తులూ ఉండే లిపి కాబట్టి 120 శాతం లీడింగ్ సరిపోదు, ఒక వరుస ఒత్తు కింది వరుస తలకట్టుని తగులుతుంది. నేనైతే 150 నుంచి మొదలుపెట్టి చూసుకుంటాను. అక్షరాల్ని ఆకారాలుగా మార్చేయడం లోగోకి తప్ప దేనికీ చేయొద్దు.

ప్రశ్న: అక్కా, నేను ఇప్పుడే నేర్చుకుంటున్నాను. లేయర్లకి పేర్లు పెట్టడం నిజంగా అంత అవసరమా? చివరికి అన్నీ కనిపించేది బొమ్మగానే కదా?

జవాబు: అవసరమే తమ్ముడూ, ఎందుకో చెప్తాను. ఇంపోర్ట్ అయ్యాక ఆ పేరు పేరుగా మిగలదు. కొన్నిచోట్ల ఫైల్ పేరవుతుంది, కొన్నిచోట్ల కోడ్‌లో గుర్తింపవుతుంది. "లేయర్ 57 కాపీ 3" అని ఉంటే ఆ బొమ్మ ఫైల్ పేరు కూడా అదే. రెండు లేయర్లకి ఒకే పేరుంటే కొన్ని ఎక్స్‌పోర్టర్లు రెండోదాన్ని మొదటిదాని మీద రాసేస్తాయి, రెండు బటన్లకీ ఒకే ఐకాన్ వచ్చిందని మనం గంటలు గంటలు వెతుకుతాం. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చాలు అనుకోవద్దు, విండోస్‌లో మామూలుగా ఆ రెండూ ఒకే ఫైల్. ఏటవాలు గీత, కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం లాంటి గుర్తులు విండోస్ ఫైల్ పేర్లలో పనికిరావు. ఆండ్రాయిడ్ బొమ్మల పేర్లలో చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఏవీ కుదరవు. యాప్ స్క్రీన్లు తయారుచేసే మరో వ్యవస్థ క్యూటీలో గుర్తింపు పేరు చిన్నక్షరంతోనో అండర్‌స్కోర్‌తోనో మొదలవ్వాలి. అందుకని మొదటి నుంచీ ఇంగ్లిష్ చిన్నక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, ఈ మూడిటితోనే, అక్షరంతోనే మొదలయ్యేలా పేరు పెట్టు, ఎక్కడికి పంపినా ఇబ్బంది రాదు.

పేరులో ముందు ఏ స్క్రీన్, తర్వాత ఏ వస్తువు, చివర ఏ స్థితి అని రాసుకో. లాగిన్, బటన్, నొక్కినప్పుడు. లాగిన్, బటన్, మామూలుగా. ఇలా ఉంటే జాబితాలో పక్కపక్కనే వస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఫోటోషాప్‌లో "జనరేట్, ఇమేజ్ అసెట్స్" ఆన్ చేసి, లేయర్ పేరు చివర డాట్ పీఎన్‌జీ అని రాస్తే చాలు, ఫైల్ పక్కన ఒక ఫోల్డర్ తయారై ఆ లేయర్ తనంతట తాను పీఎన్‌జీగా వచ్చి కూర్చుంటుంది. పేరు ముందు 200 శాతం అని రాస్తే రెండింతల సైజులో వస్తుంది. ఇంత పని పేరుతోనే జరుగుతుంటే పేరు పెట్టడం బద్ధకమైన పని ఎలా అవుతుంది చెప్పు.

ప్రశ్న: ఐకాన్లన్నీ 24 బై 24 లోనే గీశాను. ఇంపోర్ట్ చేశాక ఒకటి 18 బై 20, ఇంకోటి 22 బై 9. వరుసలో పెడితే ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

జవాబు: ఫోటోషాప్ లేయర్‌కి 24 బై 24 అనే పెట్టె ఏదీ లేదు, మీ మనసులో మాత్రమే ఉంది. రంగున్న పిక్సెళ్లు ఎంతవరకు ఉన్నాయో అంతవరకే లేయర్ హద్దు, చుట్టూ ఉన్న ఖాళీని ఎక్స్‌పోర్టర్ కత్తిరించేస్తుంది. ఇమేజ్ అసెట్స్ పద్ధతిలో పంపేవాళ్లు ఐకాన్ గ్రూపుకి సరిగ్గా 24 బై 24 లేయర్ మాస్క్ (లేయర్‌లో ఎంతవరకు కనిపించాలో చెప్పే ముసుగు) వేయండి, మాస్క్ హద్దే సైజు అవుతుంది. మాస్క్‌ని లెక్కచేయని సాఫ్ట్‌వేర్ అయితే ఒక్కో ఐకాన్‌నీ 24 బై 24 ఆర్ట్‌బోర్డ్‌లో, అంటే విడి కాన్వాస్‌లో పెట్టడం మేలు. అసలు ఐకాన్ ఆకారంగా గీసినదైతే బొమ్మగా పంపనే వద్దు. లేయర్ మీద కుడి క్లిక్ చేస్తే "కాపీ ఎస్‌వీజీ" ఉంటుంది, పిక్సెళ్లుగా కాకుండా ఆకారంగానే కాపీ అవుతుంది, ఫిగ్మాలో నేరుగా అతికించొచ్చు, ఎంత పెద్దది చేసినా మసకబారదు.

అంచులు మసగ్గా ఉన్నాయంటే ఆకారం అర పిక్సెల్ మీద కూర్చుందని. 10.5 దగ్గర మొదలైన గీత రెండు పిక్సెళ్ల మీద సగం సగం పడి బూడిదరంగుకి తిరుగుతుంది. పిక్సెల్ గ్రిడ్‌కి అతుక్కునే సెట్టింగ్ ఆన్ చేసి స్థానాల్ని పూర్తి సంఖ్యలకి తీసుకురండి.

ప్రశ్న: నీడలు దాటి రావడం లేదు. బొమ్మగా మార్చి పంపేయమంటారా?

జవాబు: వద్దు! నీడని బొమ్మ చేస్తే బటన్ వెడల్పు మారిన రోజున నీడ పాతదే ఉండిపోతుంది. చేత్తో లెక్కగట్టి మళ్లీ వేయండి, ఐదు నిమిషాల పని. ఫోటోషాప్ నీడని కోణం, దూరంలో చెప్తుంది, ఇంటర్‌ఫేస్ సాఫ్ట్‌వేర్లు కుడికి ఎంత, కిందికి ఎంత అని అడుగుతాయి. కోణం అంటే వెలుగు వచ్చే దిక్కు. 90 డిగ్రీలు, దూరం 10 అయితే వెలుగు నేరుగా పైనుంచి వస్తోంది కాబట్టి కుడికి 0, కిందికి 10. 120 డిగ్రీలు, దూరం 10 అయితే వెలుగు ఎడమ పైనుంచి, నీడ కుడికి 5, కిందికి 8.66. దూరాన్ని కోణం కొసైన్‌తో గుణించి గుర్తు మారిస్తే కుడివైపు కొలత, సైన్‌తో గుణిస్తే కిందికి కొలత.

స్ప్రెడ్ (నీడలో మసకబారని గట్టి భాగం) దగ్గర చాలామంది పొరపడతారు. ఫోటోషాప్‌లో అది శాతం, మిగతాచోట్ల పిక్సెళ్లు. సైజు 20, స్ప్రెడ్ 50 శాతం అంటే ఆ 20లో సగం గట్టి నీడ, సగం మసక. ఇంటర్‌ఫేస్ సాఫ్ట్‌వేర్‌లో స్ప్రెడ్ 10, బ్లర్ (మసక) 10 తో మొదలుపెట్టి, పక్కన పీఎన్‌జీ ఉంది కదా, దాంతో పోల్చి కాస్త అటూఇటూ సరిచేయండి. నీడ మల్టిప్లైలో ఉందని కంగారుపడకండి. పూర్తి నలుపుకి మల్టిప్లై అయినా నార్మల్ అయినా ఫలితం ఒకటే, రంగు నీడలకే తేడా వస్తుంది.

ప్రశ్న: రంగులు ఇంపోర్ట్‌లో వెలిసిపోయినట్టు ఉన్నాయి. అడ్జస్ట్‌మెంట్ లేయర్లు కూడా ఏమీ లేవు.

జవాబు: కలర్ ప్రొఫైల్, అంటే ఫైల్‌లోని సంఖ్యలకి ఏ రంగు చూపించాలో చెప్పే సమాచారం. ఫైల్ ముద్రణకి వాడే సీఎంవైకేలోనో అడోబీ ఆర్‌జీబీలోనో ఉండి ఉంటుంది. "కన్వర్ట్ టు ప్రొఫైల్"తో తెరలకి మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి, "మోడ్" మెనూలో ఒక్కో రంగుకి 8 బిట్ పెట్టండి. పక్కనే "అసైన్ ప్రొఫైల్" ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. కన్వర్ట్ సంఖ్యల్ని మార్చి రంగుని నిలబెడుతుంది, అసైన్ సంఖ్యల్ని అలాగే ఉంచి రంగుని మార్చేస్తుంది. నేను మొదట్లో ఒక పనికి కన్వర్ట్ బదులు అసైన్ కొట్టి పంపాను. లోగో ఆకుపచ్చ ఎందుకు పాలిపోయిందో తెలియక రెండు రోజులు అందరం తలలు పట్టుకున్నాం, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. సీఎంవైకే నుంచి మార్చేటప్పుడు లేయర్లు కలపాలా అని అడుగుతుంది, వద్దనండి. అయితే బ్లెండ్ మోడ్లు ఆర్‌జీబీలో వేరేగా కనిపిస్తాయి కాబట్టి ఈ పని అన్నిటికంటే ముందు చేసుకోండి.

ప్రశ్న: ఫైల్ 1.8 జీబీ ఉంది, ఇంపోర్ట్ మధ్యలోనే ఆగిపోతోంది.

జవాబు: పీఎస్‌డీ హద్దే 2 జీబీ, ఒక వైపు 30,000 పిక్సెళ్లు. మీరు అంచు దాకా వచ్చేశారు. స్మార్ట్ ఆబ్జెక్టుల (అసలు ఫైల్‌ని లోపల దాచుకునే లేయర్ల) లోపల అసలు ఫోటోలు పూర్తి సైజులో దాగి ఉంటాయి, చిన్న ప్రొఫైల్ ఫోటో వెనక 6000 పిక్సెళ్ల ఫోటో ఉండొచ్చు. వాటిని కావలసిన సైజులో రాస్టరైజ్ చేయండి, అంటే మామూలు పిక్సెళ్ల లేయర్‌గా మార్చండి. దాచిపెట్టిన లేయర్లు తీసేయండి, ఖాళీ లేయర్ల కోసం స్క్రిప్ట్స్‌లో "డిలీట్ ఆల్ ఎంప్టీ లేయర్స్" ఉంది. తర్వాత స్క్రీన్లని రెండు మూడు ఫైళ్లుగా విడగొట్టండి. ఫిగ్మాకి వెళ్లేదైతే 4096 పిక్సెళ్లు దాటిన బొమ్మని అది తగ్గించేస్తుంది, అంత పొడుగు బొమ్మల్ని ముక్కలు చేసి పంపండి.

ప్రశ్న: నా దగ్గర ఫోటోషాప్ లేదు. వచ్చిన పీఎస్‌డీని ఎలా సిద్ధం చేయను?

జవాబు: ఫోటోపీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పీఎస్‌డీని లేయర్లతో సహా తెరుస్తుంది, ఇలాంటి పనికి నేను ముందు చెప్పేది అదే. గింప్, క్రిటా కూడా తెరుస్తాయి, సేవ్ చేస్తాయి, కానీ అటూఇటూ తిరిగేసరికి అక్షరాలు బొమ్మలైపోయే ప్రమాదం ఉంది, ఎఫెక్ట్స్ కూడా చూసుకోవాలి. మీరే కొత్తగా గీస్తుంటే ఓపెన్‌రాస్టర్ అనే ఫార్మాట్ ఉంది. అది నిజానికి ఒక జిప్ ఫైల్, విప్పితే ఒక్కో లేయర్ ఒక్కో పీఎన్‌జీ, ఏది దేని మీద ఉందో చెప్పే చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైల్ ఒకటి. ఇంపోర్టర్ లేకపోయినా లేయర్లని చేత్తో బయటికి తీసుకోవచ్చు.

ప్రశ్న: ఇంత కష్టపడి ఇంపోర్ట్ చేశాక డిజైనర్ పీఎస్‌డీలో మార్పులు చేసి కొత్త ఫైల్ పంపిస్తున్నారు. ప్రతిసారీ మొదటి నుంచి చేయాలా?

జవాబు: ఈ ప్రశ్న చాలామంది అడగరు, అడిగినందుకు సంతోషం. ఇంపోర్ట్ చేసే దారిని బట్టి ఉంటుంది. ఫిగ్మాలోకి పీఎస్‌డీ సాధారణంగా ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ద్వారానే వస్తుంది, వచ్చాక పాత ఫైల్‌తో సంబంధం తెగిపోతుంది. అడోబీ ఎక్స్‌డీ నేరుగా తెరుస్తుంది, అక్కడా తెరిచాక అది వేరే ఫైల్. క్యూటీ డిజైన్ స్టూడియోకి ఫోటోషాప్ నుంచి పంపడానికి క్యూటీ బ్రిడ్జ్ అనే ప్లగిన్ వచ్చింది, మీ వెర్షన్‌తో పనిచేస్తుందో లేదో ముందు చూసుకోండి. అందులో ఫోటోషాప్‌లో ఉండగానే ఒక్కో లేయర్‌కీ ఇది విడిగా వెళ్లాలా, పై గ్రూపులో కలిసిపోవాలా, అసలు వెళ్లకూడదా అని గుర్తు పెట్టొచ్చు. నేను మొదటి జవాబులో చెప్పిన నిర్ణయాన్నే అక్కడ ఫైల్‌లోనే రాసిపెడుతున్నారన్నమాట. నాకు ఆ పద్ధతి చాలా నచ్చుతుంది.

ఆ సౌకర్యం లేనివాళ్లు ఇలా చేయండి. ఏ గ్రూపులు కలిపారో, ఏ రంగు దేనికి నేరుగా వేశారో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసుకోండి. డిజైనర్‌తో ఒక్క మాట ఒప్పించుకోండి: లేయర్ రూపం ఎంత మార్చినా ఫర్వాలేదు, పేరు మాత్రం మార్చొద్దు. కొత్త పీఎస్‌డీ రాగానే పాతదాని పీఎన్‌జీ, కొత్తదాని పీఎన్‌జీ ఒకదాని మీద ఒకటి పెట్టి డిఫరెన్స్ మోడ్‌లో చూడండి, మారిన చోట్లు మెరుస్తూ కనిపిస్తాయి. ఆ లేయర్లని మాత్రమే మీ నోట్స్ ప్రకారం సిద్ధం చేసి మార్చుకుంటే సరి, మిగతా స్క్రీన్ జోలికి వెళ్లక్కర్లేదు.